రెండు రోజుల ఊరు

అమెరికాలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో శనివారం ఫోన్ చేస్తే ‘అమ్మా, కాస్త హడావుడిలో ఉన్నా, మళ్లీ చేస్తా’ అంటారు. ‘వారమంతా ఆఫీసే, సెలవు రోజున కూడా తీరిక లేదా?’ అని ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. నిజంగానే వాళ్లకి తీరిక ఉండదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ ఉండేది ఉద్యోగం. ఊరు ఉండేది శని, ఆదివారాల్లోనే. ఆ ఊరిని కూడా ఎవరో కట్టి ఇవ్వరు... ప్రతి వారం వాళ్లే కట్టుకోవాలి!

మన పల్లెల్లో పెళ్లి కుదిరితే పందిరి వేయడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. పక్కింటి బాబాయి గునపం తెస్తాడు. ఎదురింటి పిన్ని వచ్చి అరిసెల పాకం చూస్తుంది. రచ్చబండ దగ్గర పొద్దున అన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగొస్తుంది. మంచికైనా చెడ్డకైనా మనుషులు కూడడం అక్కడ కొత్త విషయం కాదు.

అదే డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి ఇవేవీ సిద్ధంగా దొరకవు. పక్కింటివారి పేరు తెలుసుకోవడానికే నెలలు పట్టొచ్చు. చాలాచోట్ల కారు తీయకపోతే పాలు కూడా ఇంటికి రావు. ‘కాస్త పిల్లాణ్ని చూస్తుండండి’ అని అప్పగించడానికి అత్తయ్యో పెద్దమ్మో ఉండరు.

అలాగని తెలుగువాళ్లు తక్కువేం కాదు. అమెరికా ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కల ఆధారంగా 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2017 నాటికే ఆ సంఖ్య 4 లక్షలు దాటింది. కానీ మనుషులు పెరిగినంత మాత్రాన ఊరు ఏర్పడదు కదా! ఒకరి పనికి ఒకరు చెయ్యి వేస్తేనే ఏర్పడుతుంది. అక్కడ ఆ పనంతా రెండు రోజుల్లో జరగాలి.

కబుర్లతో మొదలు

డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. వేసవిలో అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇక్కడ శనివారం ఉదయం ఏడున్నర. వాళ్లు వంటిల్లు సర్దుకుని కూర్చునే వేళకు ఇక్కడ అమ్మ కాఫీ కలుపుతుంటుంది. ఇద్దరికీ కుదిరే సమయం అదే. ఇక వారం రోజుల వార్తలూ ఒక్కసారే! మేనకోడలికి సంబంధం కుదిరింది. తాతయ్యకి రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది. పెదనాన్న రోడ్డు పక్క చెక్క అమ్మేశాడు. చిన్నత్తకి మనవడు పుట్టాడు, అచ్చం వాళ్ల తాత పోలికే...

ఒకప్పుడు కాలింగ్ కార్డు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవారు. ఇప్పుడు వీడియోలో పెళ్లిచూపులకే హాజరైపోతున్నారు. కబురు క్షణాల్లో చేరుతోంది. మనిషి చేరాలంటే మాత్రం విమానాలు మారుతూ ఇప్పటికీ ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ దూరమే వాళ్లని అక్కడ మరికొందరికి దగ్గర చేస్తుంది.

తిథి ఏదైనా శనివారమే!

అక్కడి పంచాంగంలో మంచిరోజు ఒక్కటే... శనివారం. పుట్టినరోజు, సీమంతం, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం... వీలైతే అన్నీ ఆ రోజే. ఉగాది ఏ బుధవారమో వస్తే పచ్చడి ఇంట్లో ఆ రోజే తిన్నా, ఊరందరి వేడుక మాత్రం దగ్గర్లోని శనివారానికి జరుగుతుంది. సంక్రాంతి ముగ్గులూ బతుకమ్మ ఆటా అంతే. ఒక్కో శనివారం మూడు పిలుపులుంటే మధ్యాహ్నం ఒకరింట్లో తాంబూలం, సాయంత్రం ఇంకొకరింట్లో కేకు, రాత్రికి మరొకరింట్లో భోజనం!

వేడుకకి వెళ్లినవారికి వేదికా దీపాలూ పాటలూ కనిపిస్తాయి. అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియంలో పొద్దున్నే కుర్చీలు వేసినవాళ్లు కనిపించరు. అల్యూమినియం ట్రేలలో పులిహోర నింపినవాళ్లు, పిల్లల నాటకానికి మీసాలు అంటించినవాళ్లు, రాత్రి అందరూ వెళ్లాక నేల ఊడ్చి తాళాలు అప్పగించినవాళ్లు... వీళ్లెవరికీ జీతం ఉండదు. వాళ్లలో ఒకరు వారమంతా కంప్యూటర్ ముందుండే ఇంజినీరైతే, ఒకరు ఆస్పత్రిలో డాక్టరు కావచ్చు. ఆ రోజుకి ఇద్దరూ గరిటె పట్టుకున్నవాళ్లే.

గుడిలో సందడి వేరు. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి ఆలయం 1977లో వెలిసింది. ఆ తర్వాత ఒక్కో నగరంలో ఒక్కో గుడి లేచింది. ఆదివారం గుడి వంటశాలలోకి తొంగిచూస్తే తలకి టోపీ, చేతులకి తొడుగులతో ఓ పది మంది కనిపిస్తారు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, అంటే మన లెక్కలో తొమ్మిది కిలోలు, కడగడం ఒకరి వంతు. చింతపండు గుజ్జు తీయడం ఇంకొకరి వంతు. కొత్తగా వచ్చిన కోడలికి మొదటి స్నేహితురాలు దొరికేది తరచుగా ఆ పొయ్యి పక్కనే. ‘మీదే ఊరండీ?’ అన్న ప్రశ్నతో మొదలై, మూడు వారాలకి ‘అక్కా’ అనే పిలుపు దాకా వచ్చేస్తుంది.

పలక పట్టించే చేతులు

శని, ఆదివారాల్లో మరో పెద్ద పని పిల్లల తెలుగు. 2001లో మొదలైన సిలికానాంధ్ర సంస్థ 2007లో ‘మనబడి’ని ప్రారంభించింది. తెలుగు సంఘాలు నడిపే బడులూ ఉన్నాయి. చెప్పేవాళ్లు చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలే. ఇంట్లో ‘మామ్, ఐ యామ్ హంగ్రీ’ అనే పిల్లాడితో ‘ళ’ పలికించడం ఆషామాషీ వ్యవహారం కాదు. అయినా వారం వారం వర్క్‌షీట్లు తయారుచేసుకుని వెళతారు.

ఈ బడుల వెనక ఒక కథ ఉంది. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు అక్కడ ఉద్యోగం చేసే అనుమతి చాలాకాలం లేదు. గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చినవారి భాగస్వాములకు 2015 మే 26 నుంచి ఆ వీలు కలిగింది. అంతవరకు ఎంసీఏలూ ఇంజినీరింగులూ చదివిన ఎందరో ఆడపిల్లలు నాలుగు గోడల మధ్య ఏళ్లు గడిపారు. జీతం లేని సేవకి మాత్రం అడ్డు లేదు. బడిలో పాఠం చెప్పడం, గుడిలో లెక్కలు చూడటం... వాళ్లకి కాలక్షేపం కాదు. ‘నేనూ ఒక పనికొచ్చే మనిషిని’ అన్న ధైర్యం అది.

ఆర్నెల్ల కోసం వెళ్లిన అమ్మానాన్నలకీ ఈ రెండు రోజులే ఊపిరి. కారు నడపడం రాదు, వీధిలో పలకరించే మనిషి ఉండడు. శుక్రవారం దాకా కిటికీలోంచి చూస్తూ గడిపే తాతయ్య ఆదివారం రాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. డాలస్ ప్రాంతంలో ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం 2007లో మొదలుపెట్టిన ‘నెలనెలా తెలుగువెన్నెల’ సాహిత్య సదస్సులు రెండు వందలు దాటాయి. అలాంటిచోట పద్యం ఎత్తుకుంటే చెవి ఒగ్గి వినేవాళ్లు నలుగురు దొరుకుతారు. తాతయ్యని అక్కడిదాకా తీసుకెళ్లి, తిరిగి ఇంటి దగ్గర దింపే కుర్రాడిది కూడా సేవే!

మన వీధి దాటి...

కలిసి పులిహోర కలుపుకుంటే చాలా? మనల్ని ఉండనిచ్చిన ఊరికేం చేస్తున్నాం? ఈ ప్రశ్న చాలామందిని ఫుడ్‌బ్యాంకు గుమ్మం దాకా నడిపిస్తోంది. తినడానికి పనికొచ్చే ఆహారం వృథా కాకుండా సేకరించి పేదలకు చేర్చే ఈ పద్ధతి 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో మొదలైంది. ఇప్పుడు పెద్ద నగరాలన్నింటిలోనూ ఫుడ్‌బ్యాంకులు ఉన్నాయి. డబ్బాల మీద తేదీలు చూడటం, సొట్టపోయినవి తీసేయడం, అట్టపెట్టెల్లో సర్దడం... రెండు మూడు గంటల పని. తల్లిదండ్రుల పక్కన నిలబడి పెట్టెలకు టేపు అంటించే పిల్లలకి ఓ సంగతి కళ్లారా తెలుస్తుంది... ఇంత సంపన్న దేశంలోనూ ఆకలి ఉంటుందని.

రోడ్డును దత్తత తీసుకోవడం మరో ముచ్చట. డాలస్‌కి తూర్పున సుమారు వంద మైళ్ల దూరంలోని టైలర్ పట్టణంలో 1985లో ఒక సేవా బృందం రెండు మైళ్ల రహదారి శుభ్రత బాధ్యత తీసుకుంది. ఆ ఆలోచన దేశమంతా పాకింది. ఇప్పుడు మనవాళ్లూ మెరిసే కోట్లు తొడుక్కుని, చేతిలో సంచులతో రోడ్డు పక్క చెత్త ఏరుతున్నారు.

పిల్లలకి ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. మేరీల్యాండ్ రాష్ట్రంలో హైస్కూలు పూర్తి కావాలంటే 75 గంటల సేవ తప్పనిసరి. 1997లో బడి దాటిన బ్యాచ్ నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి గంటలు లెక్కపెట్టుకునే పిల్లలు మిగతాచోట్లా ఉన్నారు. మొదట లెక్క కోసమే వెళ్లినా, కొందరు లెక్క పూర్తయ్యాకా వెళ్తూనే ఉంటారు.

ఆ రాత్రి ఎవరొస్తారు?

ఇదంతా సరదా సంగతే అనుకుంటే పొరపాటు. దీని విలువ తెలిసేది కష్టం వచ్చిన రోజున.

గుంటూరులో తండ్రి పోయాడని డాలస్‌లో అర్ధరాత్రి ఫోన్ మోగితే, ఆ కొడుక్కి టికెట్ వెతికేదెవరు? బట్టలు సర్ది విమానాశ్రయం దాకా దింపేదెవరు? తెల్లారి పిల్లల్ని బడికి పంపేదెవరు? పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి ఉంటే ఇంకో చిక్కు. తిరిగి రావాలంటే మళ్లీ అపాయింట్‌మెంట్, మళ్లీ ఎదురుచూపు. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. వెళ్లాలా వద్దా అన్నది ఆ రాత్రే తేల్చుకోవాలి. వెళ్లలేకపోయినవాడు ఫోన్ తెరపై చితి చూస్తూ కూర్చుంటే, భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చునే మనిషి కావాలి.

అక్కడే ఎవరైనా హఠాత్తుగా కన్నుమూస్తే ఆ పని మరీ కఠినం. భౌతికకాయాన్ని స్వదేశానికి పంపాలంటే మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ చేసినట్లు పత్రం, అంటువ్యాధి లేదన్న లేఖ, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ అనుమతి... ఇన్ని కావాలి. దుఃఖంలో ఉన్న భార్య ఇవన్నీ చూసుకోగలదా? 1977లో పుట్టిన తానా ఇలాంటి ఆపదల కోసమే ‘టీమ్ స్క్వేర్’ అనే సహాయ బృందాన్ని నడుపుతోంది. మిగతా సంఘాలూ ముందుకొస్తాయి. అయినా మొదట తలుపు తట్టేది సంఘం కాదు... గుడిలో కలిసి అంట్లు తోమినవాళ్లు, బడిలో కలిసి బల్లలు సర్దినవాళ్లు. వాళ్లే వంతులు వేసుకుని రోజూ వంట చేసి తెస్తారు. స్నేహం చుట్టరికంగా మారడమంటే అదే!

పదవికి పోటీ... పనికి?

అన్నీ మంచిమాటలే చెబితే ఎలా? ఊరన్నాక గొడవలుంటాయి. సంఘాలు చీలుతాయి, ఎన్నికలొస్తే ఫోన్లు వేడెక్కుతాయి. వేదిక మీద కుర్చీకి పోటీ ఉంటుంది కానీ కింద కుర్చీలు మడతపెట్టడానికి ఉండదు. ఏ ఊళ్లో చూసినా ఆ పది మందే అన్ని పనులూ చేసి అలసిపోతుంటారు. కొందరికి సేవ పేరుతో ఇల్లు మరుగునపడుతుంది. ‘నాన్నకి గుడి కోసం టైముంది, నాకోసం లేదు’ అని పిల్లాడు అలిగే ఇళ్లూ ఉన్నాయి. వంతులు పంచుకోవడం నేర్చినచోటే ఆ పని నిలుస్తోంది. నెలకి ఒక్క పూట ఇచ్చేవాళ్లు నలభై మంది ఉంటే, ప్రతి వారం నలిగిపోయేవాళ్లు పది మంది అక్కర్లేదు.

మరి ఇక్కడున్న మనం?

ఈసారి శనివారం ఫోన్‌లో ‘హడావుడిలో ఉన్నా’ అన్న మాట వినిపిస్తే నొచ్చుకోకండి. ‘ఇవాళ ఎవరింట్లో? వడ్డన ఎవరిది? బడికి ఎంతమంది పిల్లలొచ్చారు?’ అని అడగండి. ‘ఎక్కడికీ వెళ్లలేదమ్మా, ఇంట్లోనే పడుకున్నా’ అనే మాట నెలల తరబడి వినిపిస్తే మాత్రం కాస్త ఆలోచించండి. ‘నాయనా, ఈ ఆదివారం గుడికెళ్లి నలుగురికి మంచినీళ్లు అందించిరా’ అని చెప్పండి. పుణ్యం సంగతి అలా ఉంచితే, నలుగురు మనుషులు దొరుకుతారు.

ఇంకో చిన్న పని కూడా చేయండి. అక్కడ వాళ్లకి దగ్గరగా ఉండే ఇద్దరు స్నేహితుల పేర్లూ ఫోన్ నంబర్లూ అడిగి, గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి. కుదిరితే వాళ్లతోనూ ఒకసారి మాట్లాడండి, ఏ ఊరివాళ్లో కనుక్కోండి. మనం చేరుకోలేని రాత్రి ఆ ఇంటికి ముందు చేరేది వాళ్లే.