సగం ఆన్ అయితే కాలిపోయే స్విచ్

కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాన్లు, దీపాలు, టీవీ కలిపి 600 వాట్లు వాడుతున్నామనుకుందాం. 230 వోల్టుల దగ్గర ఇందుకు 2.6 ఆంపియర్లు చాలు. కానీ ఇన్వర్టర్‌కు ఆధారం 12 వోల్టుల బ్యాటరీ. నష్టాలను పక్కన పెట్టినా దాని నుంచి 50 ఆంపియర్లు లాగాలి.

బ్యాటరీ ఇచ్చేది ఒకే దిశలో పారే కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కావాల్సింది దిశ మారే కరెంటు. అందుకే దాని ప్రైమరీ చుట్టలోని రెండు సగాలకూ వంతులవారీగా, సెకనుకు 50 సార్లు కరెంటు అందిస్తారు. ఆ పని చేసే స్విచ్చులే మోస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు.

పూర్తిగా ఆన్ అయినప్పుడు కూడా మోస్‌ఫెట్‌కు కొంత నిరోధం ఉంటుంది. అది 4 మిల్లీఓమ్‌లైతే, 50 ఆంపియర్ల దగ్గర 10 వాట్ల వేడి పుడుతుంది. అలాంటివి నాలుగు సమాంతరంగా కలిపితే ఒక్కోదానికి 12.5 ఆంపియర్లే వస్తాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, నాలుగింటిలో కలిపి పుట్టే వేడి 2.5 వాట్లకు తగ్గుతుంది. పైగా వేడెక్కిన మోస్‌ఫెట్ నిరోధం పెరిగి, కరెంటు పక్కవాటికి మళ్లుతుంది.

అసలు ప్రమాదం ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య ఉంది. స్విచ్ మీదే 6 వోల్టులు నిలిచి, 25 ఆంపియర్లు పారుతుంటే అక్కడ 150 వాట్లు వేడిగా మారతాయి. మోస్‌ఫెట్ గేట్ చిన్న కెపాసిటర్ లాంటిది. దాన్ని చకచకా నింపి, అంతే వేగంగా ఖాళీ చేస్తేనే ఈ మధ్య దశ రెప్పపాటు కన్నా ముందే ముగుస్తుంది. సాధారణ పవర్ మోస్‌ఫెట్ గేట్‌కు సుమారు 10 వోల్టులు అందాలి. ఆ వోల్టేజి బాగా పడిపోతే స్విచ్ సగం ఆన్‌లోనే ఉండిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌తోనూ జాగ్రత్త అవసరం. రెండు వైపుల స్విచ్చులూ ఒకేసారి ఆన్ అయితే చుట్టల అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అది దాదాపు షార్ట్ సర్క్యూటే. అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక కాస్త విరామమిచ్చి రెండోదాన్ని ఆన్ చేస్తారు. ఒక వైపు వంతు ఎక్కువసేపు సాగినా ఇనుప కోర్ సంతృప్తమై, కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కాబట్టి కాలిన మోస్‌ఫెట్‌ను మార్చినంత మాత్రాన రిపేరు పూర్తయినట్లు కాదు. గేట్‌కు వోల్టేజి సరిగా అందుతోందా, రెండు వంతులూ సమానంగా ఉన్నాయా అని చూడకపోతే కొత్తది కూడా అలాగే కాలిపోవచ్చు.