ఏఐ సలహా ఏజెంట్ల కార్యకలాపాల లాగ్‌లు: జాబితా, వడపోత సాధనానికి వివరణ పత్రం

ఉపోద్ఘాతం

రైతు ప్రశ్నను, దానికిచ్చిన సమాధానాన్ని నమోదు చేసి భద్రపరచడం వ్యవసాయ విస్తరణకు కొత్త కాదు. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లలో ప్రతి కాల్‌కు జిల్లా, బ్లాకు, పంట, ప్రశ్న రకం, ప్రశ్న, సమాధానం, తేదీ నమోదవుతాయి. ఈ వివరాలు ప్రభుత్వ బహిరంగ డేటా వేదికలో లభిస్తున్నాయి. 2023 సెప్టెంబరులో పీఎం-కిసాన్ పథకానికి అనుబంధంగా కిసాన్ ఈ-మిత్ర అనే ఏఐ చాట్‌బాట్ కూడా అందుబాటులోకి వచ్చింది.

ఏఐ ఏజెంటు సమాధానం చెప్పేముందు ప్రశ్నను విశ్లేషించడం, సమాచార నిధిని వెతకడం, వాతావరణ సేవ వంటి ఉపకరణాలను వినియోగించడం వంటి అనేక చర్యలు చేపట్టగలదు. ఇవన్నీ నమోదైతేనే సలహా ఏ దశలో దారి తప్పిందో తెలుస్తుంది. అటువంటి నమోదులను, అనగా లాగ్‌లను, జాబితాగా చూపి వడకట్టే సాధనానికి వివరణ పత్రం ఎట్లుండాలో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల దృష్ట్యా ఈ వ్యాసం వివరిస్తుంది.

జాబితాలో ఉండవలసిన అంశాలు

లాగ్‌లో ఒక్కొక్క వరుస ఒక్కొక్క చర్యకు సంబంధించినది. సమయం, సంభాషణ సంఖ్య, చర్య రకం, ఏజెంటుకు అందిన సమాచారం, అది వెలువరించిన ఫలితం, స్థితి అనే అంశాలు కనీసంగా ఉండాలి. ఒకే సంభాషణ సంఖ్య గల వరుసలను కాలక్రమంలో చదివినప్పుడే సలహా పూర్తి స్వరూపం బోధపడుతుంది. జాబితా ఒకసారికి ఎన్ని వరుసలు చూపుతుందో పత్రంలో స్పష్టంగా పేర్కొనాలి. లేనిచో తొలి వంద వరుసలనే మొత్తం సమాచారంగా విద్యార్థి భావించే ప్రమాదముంది.

వడపోతలో జాగ్రత్తలు

ప్రాంతం: 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణకు ముందు అద్దంకి, చీరాల, కందుకూరు కూడా ప్రకాశం జిల్లాలోనివే. దీర్ఘకాలపు నమోదులను జిల్లా పేరుతో మాత్రమే వడకడితే కోస్తా ప్రాంతపు ప్రశ్నలు నల్లమల అంచున ఉన్న మెట్ట మండలాల ప్రశ్నలతో కలిసిపోతాయి. కావున పశ్చిమ ప్రాంత అధ్యయనానికి మండలం పేరే ఆధారం కావాలి.

పేర్లు: మార్కాపూర్, మార్కాపురం; గిద్దలూర్, గిద్దలూరు; కంభం, కంబం. వడపోతకు ఇవన్నీ వేర్వేరు పేర్లు. ప్రతి మండలానికి ఒక సంకేత సంఖ్యను కేటాయించి, వాడుకలోని రూపాలన్నింటినీ దానికి జతచేయాలి.

సమయం: అనేక కంప్యూటర్ వ్యవస్థలు అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని నమోదు చేస్తాయి. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు గిద్దలూరు రైతు అడిగిన ప్రశ్న ముందురోజు రాత్రి 11.30 గంటల కింద చేరుతుంది. సాధనం ఏ కాలమానాన్ని చూపుతున్నదో పత్రం తెలపాలి.

‘విజయవంతం’ అంటే ఏమిటి?

అన్నింటికంటే వివరణ అవసరమైన అంశం ‘స్థితి’. ఇక్కడ ‘విజయవంతం’ అంటే చర్య ఆటంకం లేకుండా ముగిసిందని మాత్రమే అర్థం; సలహా సరైనదని కాదు. బోరు కింద మిరప వేసిన రైతు “ఆకులు ముడుచుకుంటున్నాయి, ఏ మందు కొట్టాలి?” అని అడిగాడనుకొందాం. తామర పురుగులు ఆశిస్తే ఆకుల అంచులు పైకి ముడుచుకొంటాయి. తెల్లనల్లి ఆశిస్తే కిందికి ముడుచుకొంటాయి. తెల్లదోమ వ్యాప్తిచేసే వైరస్ వల్ల కూడా ఆకుముడత రావచ్చు. ముడత ఎటువైపో అడగకుండా ఏజెంటు నల్లిమందును సూచిస్తే, తామర పురుగులున్న చేలో రైతు పెట్టిన ఖర్చు వృథా కావచ్చు. లాగ్‌లో మాత్రం ఆ వరుసకు ఎదురుగా ‘విజయవంతం’ అనే ఉంటుంది.

కావున లోపం ఉన్న వరుసలను మాత్రమే వడకట్టి చూడటం చాలదు. ‘మిరప’, ‘ముడత’ అనే పదాలున్న సంభాషణలను వేరుచేసి, సమాధానానికి ముందు ఏజెంటు ఎదురుప్రశ్న వేసినదో లేదో పరిశీలించాలి. శాస్త్రవేత్త నిర్ణయాన్ని నమోదు చేయడానికి ‘నిపుణుల పరిశీలన’ అనే ప్రత్యేక అంశం ఉండాలి.

రైతు మాటలను యథాతథంగా భద్రపరచడమూ అంతే ముఖ్యం. 2021లో మిరప పూతపై నల్ల తామర పురుగు విజృంభించింది. అట్టి కొత్త పురుగు పేరు ముందుగా తయారుచేసిన పురుగుల పట్టికలో ఉండదు. ఏజెంటు దానిని పాత పేరు కింద చేర్చినా, ‘పూత రాలుతోంది’, ‘పూతలో నల్ల పురుగు’ అన్న రైతు మాటల ద్వారా ఆ సమస్యను గుర్తించే అవకాశం ఉంటుంది.

గోప్యత

ఫోన్ నంబరు, ఆధార్, సర్వే నంబరు వంటి వ్యక్తిగత వివరాలను జాబితాలో కనబడకుండా మరుగుపరచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా కూడా ఇది అవసరం. అధ్యయనానికి మండలం, పంట, పైరు దశ చాలును.

ముగింపు

సాధనాన్ని ఎట్లు వాడాలో చెప్పడంతో వివరణ పత్రం బాధ్యత తీరదు. ఆ సాధనం ఏమి చూపదో కూడా అది చెప్పాలి. బోరు నీటిపై ఆధారపడి మిరప సాగుచేసే రైతుకు ఒక్క తప్పు పిచికారీ కూడా భారమే. ఆ తప్పు మరొక చేనికి పాకకముందే పసిగట్టుటకు సక్రమమైన లాగ్, దానిని చదవడం నేర్చిన విస్తరణ శాస్త్రవేత్త రెండూ అవసరమే.