టర్కీ కోడి కాళ్లు ఎందుకు కడతారు?

రాంగోపాల్‌పేటలో మనం కోడిని ముక్కలు కొట్టించి కూర వండుకుంటాం. చేరువలోని సికిందరాబాదు కంటోన్మెంటులో కొన్ని ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో మాత్రం క్రిస్మస్‌కు కోడినో, టర్కీ కోడినో ముక్కలు చేయకుండానే ఓవెన్‌లో కాలుస్తారు.

పచ్చి కోడిని కుళాయి కింద కడగకండి. చిందే నీటితో సూక్ష్మజీవులు పక్క గిన్నెలకు పాకుతాయి. కాగితంతో తడి అద్దితే చాలు. తడి మిగిలితే వేడంతా ఆవిరి చేయడానికే ఖర్చయి, చర్మం ఎర్రబడదు.

తర్వాత రెక్కల కొసలు వెనక్కి మడిచి, కాళ్లు రెండూ దగ్గరికి లాగి నూలు దారంతో కడతారు. ఎందుకంటారా? పలుచని వస్తువుకు బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, త్వరగా వేడెక్కుతుంది. అప్పడం క్షణంలో వేగుతుంది, బొండా లోపల పచ్చిగానే ఉంటుంది చూడండి! విడిగా వదిలిన రెక్కల కొసలు అలాగే ముందు మాడిపోతాయి. శరీరానికి అదిమితే అవీ పెద్ద ముద్దలో భాగమవుతాయి.

అయితే ఇక్కడో చిక్కుంది. మరీ బిగిస్తే తొడ లోపలివైపుకు వేడిగాలి అందదు. పైన బంగారు రంగు తేలినా లోపల సాల్మొనెల్లా బాక్టీరియా బతికే ఉండవచ్చు. అందుచేత దారాన్ని కాస్త వదులుగా కట్టాలి. తొడలోనూ రొమ్ములోనూ బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా వంట థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. ఇంట్లోని జ్వరం థర్మామీటరు తీసేరు సుమా, దాని కొలత 42 డిగ్రీల దగ్గరే అయిపోతుంది!