బీరువాలో నాన్న వాచీ: బేరం కన్నా ముందు నమ్మకం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పాత ఇళ్లలో బీరువా సొరుగు తెరిస్తే తరచుగా ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. అందులో గుడ్డలో చుట్టిన కీ ఇచ్చే వాచీ. అది పెళ్లిలో అల్లుడికి పెట్టిన లాంఛనమో, రిటైరైన రోజున తోటివాళ్లు ఇచ్చిన కానుకో అయివుంటుంది. కట్టుకునే మనిషి ఇప్పుడు లేరు. పిల్లలకు టైము చూసుకోవడానికి సెల్‌ఫోను చాలు. ‘పాత హెచ్.ఎం.టి. వాచీలు ఎగబడి కొంటున్నారట’ అన్న మాట చెవిన పడగానే ఇల్లాలికి రెండు భయాలు పట్టుకుంటాయి. విలువ తెలియక చవగ్గా ఇచ్చేస్తానేమో! డబ్బు రాకుండానే వాచీ పోతుందేమో!

అవతల కొనే మనిషికీ భయాలున్నాయి. డయలు అసలుదేనా? లోపలి మిషను ఆ కంపెనీదేనా? అసలిది దొంగసొత్తు కాదు కదా? ఇద్దరికీ ముఖపరిచయం లేదు. మధ్యలో షాపు లేదు, బిల్లు లేదు, గ్యారంటీ కార్డు లేదు. మరి బేరం కుదిరేదెలా?

ఎందుకింత గిరాకీ?

1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. తొలి వాచీలను నెహ్రూగారు విడుదల చేశారు. 1978లో తుమకూరులో మరో ఫ్యాక్టరీ వచ్చింది. హిందూపురం నుంచి మధుగిరి మీదుగా బస్సెక్కితే తుమకూరు ఎంత దూరమని? జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్... ఈ పేర్లు మన పెళ్లిళ్ల ముచ్చట్లలో కలిసిపోయాయి. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇక ఆ పాతవి దొరకవనగానే, నిన్నటిదాకా మూల పడివున్న వస్తువు మీద అందరికీ మనసు పుట్టింది.

అయితే పాతదల్లా అపురూపం కాదు. హెచ్.ఎం.టి. చేసిన వాచీలు కోట్లలో ఉన్నాయి. మామూలు జనతాకు వచ్చే ధర వేరు, తక్కువగా తయారైన రకానికి వచ్చే ధర వేరు. రామగిరి వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2001లో మూతపడేదాకా అక్కడ బంగారు గనులుండేవి. రాయిని పైకి చూసి ఎంత బంగారముందో ఎవరు చెప్పగలరు? పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మోసం ఎక్కడుంది?

ఈ వాచీల్లో ఎక్కువగా జరిగేది రంగు మోసం. పాత డయలు గీకేసి, కొత్త రంగు పూసి, పేరు మళ్లీ అచ్చువేస్తారు. ఒక వాచీ మిషను, ఇంకోదాని డబ్బా, మరోదాని ముళ్లు కలిపి ఒకటి తయారుచేస్తారు. చూడ్డానికి పెళ్లికూతురిలా మెరిసిపోతుంది. నలభై ఏళ్ల వాచీ అంతలా మెరుస్తోందంటేనే అనుమానించాలి. భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు, గీతలు వంకరగా ఉంటాయి. రంగు వేయించడం దానంతటది తప్పేమీ కాదు. ఆ మాట దాచిపెట్టి అసలు ధరకు అమ్మడమే తప్పు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంత గురించి ఒక వ్యాసం రాశారు. మంచిదేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి వస్తువున్నవాళ్లు అమ్మరు. చివరికి సంతలో తుక్కే మిగులుతుంది. ఆయనకు 2001లో నోబెల్ బహుమతి రావడానికి ఈ ఆలోచన ఒక ముఖ్య కారణం. అంటే ఒకరు చేసిన మోసం ఒక్క కొనుగోలుదారుతో ఆగదు. నిజాయితీగా అమ్ముకుందామనుకున్న మరో ఇల్లాలి వాచీ ధరను కూడా తగ్గిస్తుంది.

మీరు అమ్మేవారైతే

* ముందుగా ఇంట్లోవాళ్లందరినీ అడగండి. తండ్రి వస్తువు మీద అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ హక్కుంటుంది, మమకారమూ ఉంటుంది. అమ్మేశాక వచ్చే తగాదా వాచీ ధర కన్నా ఖరీదైనది.

* మెరుగు పెట్టించకండి, రంగు వేయించకండి. సేకరించేవాళ్లకు పాతదనమే ముద్దు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

* తెలిసిన రిపేరు షాపులో మీ ఎదుటే వెనక మూత తీయించి ఫోటోలు తీసుకోండి. మిషను మీద కంపెనీ పేరు, నంబరు కనబడాలి.

* ఒక్కరు చెప్పిన ధరకే ఇచ్చేయకండి. అదే రకం వాచీ ఎంతకు అమ్ముడుపోయిందో ఇద్దరు ముగ్గురిని కనుక్కోండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు.

* లోపాలు మీరే ముందు చెప్పండి. ‘మంచి కండిషన్’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘1985 ప్రాంతంలో కొన్నది. అద్దం ఒకసారి మార్పించాం. రోజుకు మూడు నిమిషాలు వెనకబడుతుంది. డయలు అసలుదే. ఆరు అంకె దగ్గర మచ్చ ఉంది’ అని రాసి చూడండి. మచ్చ గురించి చెప్పిన మనిషి మిగతావి కూడా నిజమే చెబుతోందని ఎవరికైనా అనిపిస్తుంది.

మీరు కొనేవారైతే

* కాగితం మీద ఆ రోజు తేదీ రాసి, దాని పక్కన వాచీ పెట్టి, ముళ్లు మీరు చెప్పిన టైముకు తిప్పి ఫోటో పంపమనండి. వాచీ చేతిలో లేనివాడు ఇక్కడే దొరికిపోతాడు.

* ఎక్కడిది, ఎవరు కట్టుకున్నారు, ఎందుకు అమ్ముతున్నారు అని మర్యాదగా అడగండి. కాగితాలు లేకపోయినా కథ పొంతన కుదరాలి.

* వీలుంటే స్వయంగా వెళ్లండి. కలిసే చోటు రిపేరు షాపైతే మరీ మంచిది. ఒంటరిగా ఎవరింటికీ వెళ్లొద్దు, ఎవరినీ ఇంటికి పిలవొద్దు.

* పూర్తిగా కీ ఇస్తే ఒక రోజు దాటి నడవాలి. అందుకే ‘మూడు రోజుల్లో నచ్చకపోతే వెనక్కి’ అన్న మాట ముందే అనుకోండి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఉంటే డబ్బు ఆయన చేతిలో పెట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. వాచీ చేరి, నచ్చిందన్నాక అమ్మినవారికి అందుతుంది. అలాంటివారు లేకపోతే సగం ముందు, సగం చేరాక అనుకోవచ్చు. పంపేటప్పుడు ప్యాకింగును వీడియో తీయండి. ఇన్సూరెన్స్ చేయించండి. పార్సిలు అందుకున్నవారు విప్పేటప్పుడు కూడా వీడియో తీయాలి.

ఫోనులో డబ్బు పంపే వ్యవహారంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. మనకు డబ్బు రావడానికి మనం పిన్ నొక్కనక్కర్లేదు, ఏ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు. ‘అడ్వాన్సు పంపుతున్నా, ఇది నొక్కండి మేడం’ అన్నాడంటే వెంటనే ఫోను పెట్టేయండి. ‘డబ్బులు పడ్డాయి’ అన్న మెసేజిని కాదు, బ్యాంకు ఖాతాను చూసి వాచీ ఇవ్వండి. మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

చట్టం ఏమంటుంది?

చిత్రంగా మనకు పనికొచ్చే చట్టం కూడా 1930 నాటిదే. వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మేవారికి ఆ వస్తువు మీద అమ్మే హక్కు ఉండాలి. ఫలానాది అని చెప్పి అమ్మితే అది ఫలానాదే అయివుండాలి. అయితే కళ్లెదుట కనిపించే లోపాన్ని చూసుకోవలసింది కొనేవారే. ఇంట్లోని ఒక పాత వస్తువును ఒకసారి అమ్మినవారు వ్యాపారి కిందికి రారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం. అందుకే తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవడం మేలు. వాచీ రకం, నంబరు, లోపాలు, ధర, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ‘ఇది మా సొంతం, ఎవరికీ తాకట్టు లేదు’ అన్న వాక్యం మరవకండి. దానికి ఆధార్ నకలు ఇవ్వాల్సిన పని లేదు. కార్డు చూపించి పేరు సరిపోల్చుకుంటే సరిపోతుంది.

ఇక చివరి మాట. వాచీ వెనక ఏమైనా పేరో తేదీయో చెక్కివుంటే గీకించకండి. ఆ మనిషి ఎవరో, ఏ ఊళ్లో ఏ ఉద్యోగం చేశారో ఒక చీటీ మీద రాసి వాచీతో పాటు పంపండి. సేకరించేవాళ్లలో చాలామంది ఆ చీటీని కూడా దాచుకుంటారు. అంత నమ్మకం కుదరని మనిషి ఎదురైతే మొహమాటపడకుండా వాచీని మళ్లీ డబ్బాలో పెట్టేయండి. ఇన్నేళ్లు ఆగిన వాచీ మరో ఏడాది ఆగలేదా!