మాత్రకూ ముద్దకూ మధ్య

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ప్రచురించిన చిన్న పుస్తకంలో ఉన్నది కేవలం ఆరుగురు రోగుల వృత్తాంతం. వారి చేతుల వణుకునూ, ముందుకు వంగిన నడకనూ వర్ణించిన ఆయన, ఆహారం నోటికి చేర్చడం, నమలడం, మింగడం కూడా వారికి ప్రయాసే అని వ్రాశాడు. ఆ వ్యాధికి నేడు ఆయన పేరే నిలిచింది. కాని వణుకు కంటికి కనిపిస్తుంది కనుక అందరి దృష్టీ దాని మీదనే. కంచం సంగతి మరుగున పడుతుంది.

రోగి చిక్కిపోవడం మెల్లగా జరుగుతుంది. చేతిగడియారం మణికట్టు మీద జారుతుంది. చొక్కా భుజాలు వ్రేలాడుతాయి. వయసు మీద పడిందని ఇంటివారు సరిపెట్టుకొంటారు. అసలు కారణాలు వేరు. వణుకు మొదలుకావడానికి ఏళ్ల ముందే చాలామందికి ఘ్రాణశక్తి సన్నగిల్లుతుంది. ఇంగువ పోపు వాసనే తెలియని మనిషికి పప్పుచారు మీద ఆశ ఏముంటుంది? జీర్ణకోశం మందగించడంతో నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుంటుంది. మలబద్ధకం ఆకలిని మరింత చంపుతుంది. చేయి మెల్లగా కదలడం వలన అన్నం కంచంలోనే చల్లారిపోతుంది. మెతుకులు రాలుతాయన్న సంకోచంతో కొందరు నలుగురితో పంక్తిలో కూర్చోవడమే మానుకొంటారు. ఇంతలో ఎడతెగని వణుకూ, మందు వలన కొందరికి కలిగే అసంకల్పిత చలనాలూ శక్తిని ఖర్చుచేస్తూనే ఉంటాయి. రాబడి తగ్గి వ్యయం పెరిగిన సంసారం వంటిది ఆ శరీరం.

ఈ వ్యాధికి ముఖ్యమైన మందు లెవోడోపా. దూలగొండి గింజలలో ఈ పదార్థం ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. (గింజ గింజకూ దాని పాలు మారుతుంది, కనుక మాత్రలకు తోడుగా ఆ చూర్ణాన్ని సొంతంగా వాడడం ప్రమాదం.) పప్పు, పాలు, మాంసం వంటి వాటిలోని మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వెలువడే ఆమ్లాలూ, లెవోడోపా కూడా ప్రేగు నుంచి రక్తంలోకీ, రక్తం నుంచి మెదడులోకీ ఒకే ద్వారాల గుండా వెళ్లాలి. గ్లాసెడు పాలతోనో, పెరుగన్నం తిన్న వెంటనేనో మాత్ర వేసుకొంటే అది వాకిటనే నిలిచిపోవచ్చు. కాళ్లు బిగుసుకొన్న రోగిని చూసి మందు పనిచేయడం లేదని ఇంటివారు దిగులుపడతారు. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందు మంచినీళ్లతో మాత్ర వేసుకోమంటారు. వికారం కలిగితే ఒకటి రెండు బిస్కెట్లు తినవచ్చు.

ఈ సంగతి సగమే విన్నవారు పప్పూ, పాలూ, గుడ్డూ ఏకంగా మాన్పిస్తారు. అతి పెద్ద పొరపాటు ఇదే. కండరాలు క్షీణించిన రోగి తూలి పడతాడు. ఎముక విరిగితే కోలుకోవడం దుర్లభం. పెద్దవారికి రోజుకు శరీరం బరువులో కిలోకు 0.8 నుంచి 1 గ్రాము దాకా మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 40 గ్రాములకు తగ్గకూడదన్న మాట. మందు ప్రభావం రోజంతా హెచ్చుతగ్గులవుతున్న కొందరికి మాత్రం వైద్యులు వాటిలో అధిక భాగాన్ని రాత్రి భోజనానికి మారుస్తారు. మారేది వేళ, మొత్తం కాదు.

నీళ్లు త్రాగేటప్పుడు తరచు పొలమారినా, తిన్న తరువాత గొంతు తడితడిగా పలికినా ఉపేక్షించరాదు. ఊపిరితిత్తులలోకి జారిన ఆహారం న్యుమోనియాకు దారితీస్తుంది. మ్రింగే తీరును పరీక్షించి, ఏది చిక్కగా ఉండాలో, ఏది మెత్తగా ఉండాలో నిపుణులు చెబుతారు. ఇంటివారు చేయగలిగిన సులువైన పని ఒకటుంది: నెలకొకసారి తూకం చూసి క్యాలెండరు మీద వ్రాయడం. 60 కిలోల మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా కొద్ది నెలలలో 57కు దిగితే, తరువాతి పరీక్షలో వణుకు మాట కంటె ముందు ఆ అంకెనే వైద్యునికి చూపాలి.