'మాంకే' : తప్పుట, కొరవడుట

బస్తరులోని బీజాపూర్, భోపాలపట్నం ప్రాంతములలో గోండి, హల్బీ, తెలుగు, హిందీ ప్రక్కప్రక్కనే వినబడును. ఒక భాషనుండి మరొక భాషకు నేరుగా పోవుట అచటివారికి నిత్యకృత్యము. ఫ్రెంచి విషయమున మనకు ఆ అలవాటు తక్కువ. యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండినను, ఫ్రెంచి సాహిత్యము మనకు చాలవరకు ఇంగ్లీషు ద్వారముననే చేరినది. అందువలని చిక్కు 'మాంకే' అను ఒక్క క్రియను పరిశీలించిన తేటపడును.

లాటిన్‌లో అంగవైకల్యమును తెలుపు 'మాంకుస్' అను విశేషణము దీనికి మూలము. ఇటాలియను 'మాంకారే' ద్వారా ఇది ఫ్రెంచిలోనికి వచ్చినది. ఉండవలసినది లేకపోవుట అనునదే అన్ని అర్థములకు ఆధారము.

ఏ అర్థమో నిర్ణయించుటకు క్రియ వెనుక వచ్చు చిన్న పదమును చూడవలెను. నేరుగా కర్మ వచ్చినచో అందకపోవుట: రైలు తప్పినది, గురి తప్పినది. 'ద' చేరినచో కొరత: ధైర్యము కొరవడినది, పులుసులో ఉప్పు చాలలేదు. 'ఆ' చేరి ధర్మమో వాగ్దానమో వచ్చినచో దానినుండి తొలగుట: మాట తప్పినాడు. వ్యతిరేకార్థమున ఫ్రెంచివారు దీనితో పలుకు మాటను మనము 'తప్పక వ్రాసెదను' అందుము. పడబోయి నిలద్రొక్కుకొన్నవానిని గూర్చియు వారు ఈ క్రియనే వాడుదురు. మనకు 'పడుట త్రుటిలో తప్పినది'. ఇన్నింటికి ఇంగ్లీషున వేరువేరు క్రియలు వెదకవలసి యుండగా, మన 'తప్పు' పెక్కింటికి సరిపోవుట గమనింపదగినది.

ఒక్కచోట మాత్రము 'తప్పు' చాలదు. 'త్యు మ మాంక్' అను వాక్యమున 'నీవు' కర్త. 'నాకు' అనునది చతుర్థి. నీవు నాకు కొరతగా నున్నావని భావము. ఇంగ్లీషు ఈ వాక్యమును తలక్రిందులు చేసి 'నేను' అనుదానిని కర్తగా నిలుపును. ఆ క్రమమునకు అలవడిన అనువాదకుడు ఫ్రెంచి మూలమునే చదివినను పొరబడవచ్చును. 'తల్లి కుమారునికి' అని ఈ క్రియతో వాక్యమున్నచో బెంగపడునది కుమారుడు. పదముల వరుసను నమ్మినవాడు తల్లిచే బెంగ పెట్టించును. కథలో ఎవరి దుఃఖము ఎవరిదో మారిపోవును.

తెలుగువానికి ఈ వాక్యమున వింత లేదు. 'నాకు నీమీద బెంగగా నున్నది', 'నీవు లేని లోటు నాకు తెలియుచున్నది' అనుట మన సహజ ఫణితి. హిందీవారును 'ముఝే తుమ్హారీ యాద్ ఆతీ హై' అని అనుభవించువానిని చతుర్థిలోనే నిలుపుదురు. అట్లుండగా 'నేను నిన్ను మిస్సవుచున్నాను' అను పలుకుబడి నేడు మన కథలలో సైతము స్థిరపడుచున్నది. ఫ్రెంచికిగాని తెలుగుకుగాని చెందని ఆ క్రమమును ఫ్రెంచి నవలానువాదమున వాడుట రెండు భాషలకును అన్యాయము. ఈ క్రియ ఎదురైనప్పుడెల్ల, లేనిదెవరు, ఆ లోటు ఎవరికి అని అడిగికొని పిమ్మట కలము కదల్పవలెను.