మీకు తెలుసా? ముల్లుకీ ముల్లుకీ తేడా

తెలుగు, తమిళ నేలల మెట్ట ప్రాంతాల్లో తిరిగే జానెడు ముళ్లెలుక ఒకటి. సముద్రంలో వందల మీటర్ల లోతున ఈదే బ్రాంబుల్ షార్క్ అనే సొర మరొకటి. ఇది మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. రెండింటి ఒంటి మీదా ముళ్లే. కానీ...

● ముళ్లెలుక ముల్లు నిజానికి వెంట్రుకే. మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారవుతుంది, లోపల బోలుగా ఉంటుంది. సొర ముల్లు మాత్రం పంటికి చుట్టం: లోపల డెంటిన్, పైన ఎనామిల్ లాంటి గట్టి పూత.

● పుట్టేటప్పుడు ముళ్లెలుక పిల్ల తల్లికి గుచ్చుకోదా? గుచ్చుకోదు. అప్పటికి ముళ్లన్నీ నీరు పట్టి ఉబ్బిన చర్మం కింద దాగి ఉంటాయి. కొన్ని గంటల్లోనే పైకి పొడుచుకొస్తాయి.

● ముళ్లెలుక పొట్ట మీద ముళ్లుండవు. భయం వేస్తే చర్మం కింద గుండ్రంగా ఉన్న కండరం సంచి మూతి తాడు లాగినట్టు బిగుస్తుంది. తలా, కాళ్లూ, పొట్టా లోపలికి పోయి బంతి మిగులుతుంది.

● సొర అలా ముడుచుకోలేదు. దాని ముళ్లు ఒత్తుగానూ ఉండవు. ఒంటి మీద అక్కడక్కడా చెల్లాచెదురుగా మొలుస్తాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా.

● చాలా చేపలకుండే గాలితిత్తి సొరలకు లేదు. మునిగిపోకుండా సాయపడేది నూనె నిండిన పెద్ద కాలేయం. ఆ నూనె కోసమే కేరళ తీరంలో లోతు సొరల వేట సాగింది. బ్రాంబుల్ షార్క్ కూడా ఆ వేటలో చిక్కుతూ వచ్చింది. ఇప్పుడది ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

● పేరులో ఎలుక ఉన్నా ముళ్లెలుక ఎలుక కాదు, ఏదుపందికి బంధువూ కాదు. పురుగులు తిని బతికే ఈ జీవికి దగ్గరి చుట్టాలు చుంచులు.

● అండమాన్‌లో ముళ్లెలుక లేదు, చుంచులు మాత్రం ఉన్నాయి. మధ్య అండమాన్ అడవుల్లో బిరుసైన ముళ్లలాంటి వెంట్రుకలున్న చుంచును 1913లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1978లో పేరు పెట్టిన జెంకిన్స్ చుంచు దొరికింది దక్షిణ అండమాన్‌లో. నేడది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి.